గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడానికి ఏ పనిముట్లు కావాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ ఆయిల్ సొంతంగా మార్చుకోవడం వచ్చాక ఎవరికైనా చెయ్యి గేర్‌బాక్స్ వైపు లాగుతుంది. నాకూ అలాగే లాగింది. నేను మెకానిక్‌ని కాదు, విజయవాడలో ఆఫీసు ఉద్యోగం చేస్తాను. పన్నెండేళ్ళుగా మా ఇంటి కార్ల పని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే చేసుకుంటున్నాను. అప్పుడప్పుడు చుట్టాల బండ్లు కూడా వచ్చి పడతాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎన్ని అడిగినా చివరికి తేలేది ఒకటే: “ఇంతకీ ఏమేం కొనాలి?” ఆ మాటలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఇదంతా మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న కార్లకే. పూర్తి ఆటోమేటిక్ బండ్ల పద్ధతి వేరు.

108 ముక్కల టూల్ కిట్ ఒకటి కొనేస్తే అయిపోతుందా?

అవదు. ఆ పెట్టెలో 107 ముక్కలు మీకు ఈ పనిలో అక్కర్లేదు, అక్కరకొచ్చే ఆ ఒక్కటి అందులో ఉండకపోవచ్చు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ నింపే, దింపే రంధ్రాలను మూసే ప్లగ్‌లు మామూలు బోల్టుల్లా ఉండవు. కొన్నిటికి పైకి తేలిన ఆరు మూలల తల ఉంటుంది. కొన్నిటికి లోపలికి చదరపు గుంట, కొన్నిటికి అలెన్ (ఆరు మూలల) గుంట ఉంటాయి. ఒకే గేర్‌బాక్స్‌కి నింపే ప్లగ్ ఒక రకం, దింపే ప్లగ్ ఇంకో రకం ఉండటం కూడా మామూలే. చాలా హోండా గేర్‌బాక్సులకు నింపేది 17 ఎంఎం తల, దింపేది 3/8 అంగుళాల చదరపు గుంట. రెనో వాళ్ళు 8 ఎంఎం చదరం వాడతారు. టొయోటాల్లో 24 ఎంఎం తల చాలాచోట్ల కనిపిస్తుంది. పాత ఫోక్స్‌వ్యాగన్‌లలో ఏకంగా 17 ఎంఎం అలెన్. ఆ సైజు అలెన్ కీ మామూలు హార్డ్‌వేర్ షాపులో అడిగితే మీ మొహం వంక చూస్తారు.

కాబట్టి ముందు కొట్టుకి వెళ్ళొద్దు, ముందు బండి కిందకి వెళ్ళండి.

నా బండి ప్లగ్ ఏ రకమో ఎలా తెలుస్తుంది?

బండి చల్లగా ఉన్నప్పుడు తలకి కట్టుకునే లైటు ఒకటి పెట్టుకుని చూడండి. ఫోన్ నోట్లో కరుచుకుని చూడటం నేనూ చేశాను, ఫోన్ మూతి మీద పడింది. కింద ప్లాస్టిక్ కవర్ ఉంటే అది తీయాలి. దానికి సాధారణంగా 10 ఎంఎం బోల్టులు, వాటితో పాటు వేళ్ళతో లాగితే విరిగిపోయే ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. క్లిప్పులకు చపటా స్క్రూడ్రైవర్ చాలు, కాకపోతే ఓపిక ఉండాలి.

గేర్‌బాక్స్ అడుగున ఉన్నది దింపే ప్లగ్, పక్కన కాస్త ఎత్తులో ఉన్నది నింపే ప్లగ్. రెండిటికీ ఫోటో తీయండి. ఇంజిన్ సంప్ (ఇంజిన్ ఆయిల్ నిలిచే తొట్టి) ప్లగ్‌ని గేర్‌బాక్స్ ప్లగ్ అనుకుని ఇంజిన్ ఆయిల్ మొత్తం దింపేసినవాళ్ళు ఉన్నారు. రెండూ అడుగునే, పక్కపక్కనే ఉంటాయి మరి. సంప్ ఇంజిన్ కింద ఉంటుంది, గేర్‌బాక్స్ దాని పక్కన క్లచ్ హౌసింగ్‌కి అతుక్కుని ఉంటుంది. చక్రాలకు వెళ్ళే షాఫ్టులు దేనిలోంచి బయటికొస్తున్నాయో అదే గేర్‌బాక్స్. అనుమానం ఉంటే సర్వీస్ మాన్యువల్ బొమ్మతో పోల్చుకోండి. ఫోటో చేతిలో పెట్టుకుని కొట్టుకెళ్తే ఒక్క ట్రిప్పులో పని అయిపోతుంది.

ముందు ఏ ప్లగ్ విప్పాలి?

నింపే ప్లగ్. ఎప్పుడూ, ఏ బండికైనా.

కింది ప్లగ్ విప్పి ఆయిలంతా దింపేశాక పై ప్లగ్ రాకపోతే మీ కారు ఇక అడుగు ముందుకు వేయదు. పాత ఆయిల్ పోయింది, కొత్తది పోసే దారి లేదు. అలాంటి ఆదివారం సాయంత్రం నా జీవితంలో ఒకటి ఉంది. చివరికి పక్క వీధి మెకానిక్‌ని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన వచ్చి, చూసి, ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

పై ప్లగ్ ముందు తీయడంలో ఇంకో లాభం కూడా ఉంది. గాలి లోపలికి వెళ్తుంది కాబట్టి కింద ఆయిల్ గుటగుటలాడకుండా ఒకే ధారగా వస్తుంది.

సాకెట్లలో ఆరు మూలలవి, పన్నెండు మూలలవి ఉన్నాయి. ఏది?

ఆరు మూలలది. కొందరు మెకానిక్కులు గోటీ అనేది ఈ సాకెట్‌నే. పన్నెండు మూలల సాకెట్ ఏ కోణంలోనైనా ఎక్కుతుంది కాబట్టి సౌకర్యంగా అనిపిస్తుంది. కానీ అది బోల్టు తల మూలలనే పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన ప్లగ్ మీద గట్టిగా లాగితే ఆ మూలలు అరిగిపోయి తల గుండ్రంగా అయిపోతుంది. ఆరు మూలలది మూలలతో పాటు పక్కలను కూడా పట్టుకుంటుంది. ఓపెన్ స్పానర్ వాడనే వాడొద్దు. అడ్జస్టబుల్ స్పానర్ అయితే ఇంట్లోనే వదిలేసి రండి.

చోటు ఇరుకైతే రింగ్ స్పానర్ మంచిది. కొన్ని బండ్లలో ప్లగ్‌కి, సబ్‌ఫ్రేమ్‌కి మధ్య రాట్చెట్ (సాకెట్‌ని తిప్పే పిడి) తల కూడా పట్టదు. రాట్చెట్ కంటే పొడవాటి పిడి ఉన్న బ్రేకర్ బార్ వదులు చేయడానికి మేలు. రాట్చెట్ లోపలి పళ్ళు అంత బరువు మోయడానికి చేసినవి కావు.

చదరపు గుంట ఉన్న ప్లగ్‌కి రాట్చెట్ నేరుగా పెట్టేయొచ్చా?

3/8 అంగుళాల గుంటే అయితే పెట్టొచ్చు. రాట్చెట్ కంటే ఎక్స్‌టెన్షన్ రాడ్ పెట్టి తిప్పితే బాగుంటుంది. కానీ 3/8 అంగుళం అంటే 9.5 మిల్లీమీటర్లు. మీ ప్లగ్ గుంట 10 ఎంఎం అయితే అర మిల్లీమీటరు లూజు. ఆ అర మిల్లీమీటరే గుంట అంచులను తినేస్తుంది. 10 ఎంఎం చదరపు బిట్ విడిగా దొరుకుతుంది, అదే కొనండి.

సైజు సరిపోయినంత మాత్రాన కూడా అయిపోదు. ఒకసారి మా బావగారి కారు, గుంటూరు జిల్లా పొలం దారుల్లో తిరిగింది. చదరపు గుంటలో నల్లరేగడి మట్టి నిండిపోయి, ఎండి, సిమెంటులా అయిపోయింది. నేను బిట్ పెట్టాను, లోపలికి వెళ్ళినట్టే అనిపించింది. నిజానికి సగమే దిగింది. బలంగా లాగేసరికి టక్కుమని జారింది, గుంట పైఅంచు నాలుగు వైపులా చితికిపోయింది. “ఏమైంది బావా?” అన్నాడు ఆయన పైనుంచి. “ఏం లేదు బావా, టీ చెప్పండి” అన్నాను. తర్వాత చిన్న స్క్రూడ్రైవర్‌తో మట్టి గీకి, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, బిట్‌ని సుత్తితో రెండు దెబ్బలు వేసి అడుగు దాకా దింపితే, మిగిలి ఉన్న లోతులో పట్టు దొరికి వచ్చింది. అప్పట్నుంచి నా టూల్ పెట్టెలో టూత్‌బ్రష్ పర్మనెంట్.

అలెన్ బిట్‌కి కూడా ఇదే పద్ధతి. ఎల్ ఆకారపు అలెన్ కీ కంటే సాకెట్‌కి అమర్చిన అలెన్ బిట్ మంచిది. ఎల్ కీ బరువు పడితే వంగుతుంది, వంగినప్పుడు గుంటలో ఒక పక్కకే ఆనుతుంది.

ప్లగ్ అసలు కదలడం లేదు. ఏం చేయాలి?

ముందు ఆగండి. మీరు సరైన వైపే తిప్పుతున్నారా? బండి కింద పడుకుని పైకి చూస్తూ తిప్పేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ప్లగ్ తలని ఎదురుగా చూస్తున్నట్టు ఊహించుకుని గడియారానికి వ్యతిరేక దిశలో తిప్పాలి.

వైపు సరైనదే అయితే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ప్లగ్ తల మీద సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేయండి. ఆ అదురుకే తుప్పు పట్టు వదులుతుంది. అప్పుడు కుదుపుతో కాకుండా నిదానంగా బలం పెంచుతూ లాగండి. దీనికీ రాకపోతే షెడ్డుకి తీసుకెళ్ళండి. ఆయిల్ ఇంకా లోపలే ఉంది కాబట్టి బండి నడుస్తుంది. మూడో ప్రశ్న ఎందుకు పెట్టానో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

టార్క్ రెంచ్ తప్పనిసరా? ఖరీదు ఎక్కువ కదా?

వదులు చేయడానికి అక్కర్లేదు, దానితో వదులు చేయకూడదు కూడా. బిగించేటప్పుడు ఎంత బలం పడుతోందో కొలవడానికి మాత్రం కావాలి. గేర్‌బాక్స్ హౌసింగ్ అల్యూమినియం, ప్లగ్ చాలాసార్లు ఇనుము. ఎక్కువ బిగిస్తే నష్టపోయేది ప్లగ్ కాదు, హౌసింగ్ రంధ్రం లోపలి మరలు. వాటిని బాగుచేయడం అంటే గేర్‌బాక్స్ పనే.

లెక్క చూడండి. 40 న్యూటన్ మీటర్లు అంటే 40 సెంటీమీటర్ల పిడి చివర దాదాపు పది కిలోల బలం. పది కిలోల బియ్యం సంచి ఒక చేత్తో ఎత్తినంత. అదే బలం మీటరు పొడవు పైపు చివర పెడితే 100 న్యూటన్ మీటర్లు అవుతుంది. చెయ్యికి తేడా తెలియదు, మరలకి తెలుస్తుంది. హోండా చాలా మోడళ్ళకు దింపే ప్లగ్‌కి 39, నింపే ప్లగ్‌కి 44 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. మీ బండికి ఎంతో దాని సర్వీస్ మాన్యువల్‌లోనే చూడండి. పాత పుస్తకాల్లో కిలోగ్రామ్-మీటర్ (kgf·m) లెక్కలో ఉంటే 9.8తో గుణించండి.

కొనేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. చక్రాల నట్లకు పనికొస్తుందని 1/2 అంగుళాల పెద్ద రెంచ్ కొంటారు. 28 నుంచి 210 దాకా కొలిచే రకం అది. 30, 35 దగ్గర దాన్ని నమ్మడం కష్టం. ఏ టార్క్ రెంచ్ అయినా తన పరిధిలో అడుగు భాగంలో తడబడుతుంది. ఈ పనికి 3/8 అంగుళాల చిన్న రెంచ్ సరైనది. క్లిక్ అని వినిపించగానే ఆపేయండి. “ఇంకొక్క చుక్క” అని రెండోసారి క్లిక్ చేయించేవాళ్ళని చూశాను. డబ్బు పెట్టి రెంచ్ కొని చేసే పని కాదది.

కొనలేకపోతే ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. ఏడాదిలో ఒకటి రెండుసార్లు వాడే వస్తువు, ఇచ్చేవాళ్ళు ఇస్తారు.

పాత వాషర్ మళ్ళీ వాడొచ్చా?

రాగి లేదా అల్యూమినియం వాషర్ బిగించినప్పుడు కొద్దిగా నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగింది రెండోసారి అంత బాగా నలగదు. కొత్తది రెండు కాఫీల ఖరీదు కూడా ఉండదు, కొత్తదే వేయండి. పాతది ప్లగ్‌కి అతుక్కుని ప్లగ్‌లో భాగంలా కనిపిస్తుంది, గోరుతో కాదు, బ్లేడుతో గీకి చూడండి. దాని మీదే కొత్తది వేసి రెండు వాషర్లతో బిగిస్తే కారుతుంది.

కొన్ని ప్లగ్‌లకు వాషరే ఉండదు. వాటి మరలు కొనకి సన్నబడుతూ ఉంటాయి, మరలకే సీలెంట్ పూసి బిగిస్తారు. వాషర్ ఉన్న ప్లగ్‌కి మాత్రం నల్లాలకు చుట్టే తెల్ల టేపు చుట్టొద్దు. తునకలు లోపల పడతాయి.

బండిని జాకీతో ఎత్తి కిందకి దూరొచ్చా?

దూరొద్దు. ఐదు నిమిషాల పనే అయినా, బక్కగా ఉన్నా, పక్కన తమ్ముడు పట్టుకున్నా దూరొద్దు. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. హైడ్రాలిక్ జాకీ సీల్ పోతే బండి నెమ్మదిగా దిగుతుంది, ఒక్కోసారి నెమ్మదిగా కూడా దిగదు. స్టాండ్ల మీద ఆనించాకే లోపలికి. సిమెంటు ఇటుకలు, బండరాళ్ళు, పాత రిమ్ములు స్టాండ్లు కావు. సిమెంటు ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు.

ఈ మొత్తం పనిలో డబ్బు ఎక్కడ పెట్టాలి అంటే నేను మొదట స్టాండ్ల దగ్గరే పెట్టమంటాను. టార్క్ రెంచ్ తర్వాత.

స్టాండ్లు రెండు చాలా, నాలుగు కావాలా?

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎక్కువ గేర్‌బాక్సుల్లో ఆయిల్ లెవెల్ కొలిచేది నింపే రంధ్రం అంచుతోనే. ఆయిల్ ఆ అంచుదాకా వచ్చి బయటికి సన్నగా కారడం మొదలైతే నిండినట్టు. ముందు చక్రాలు మాత్రమే ఎత్తి వెనకవి నేల మీద ఉంటే బండి వాలి ఉంటుంది. లోపలి ఆయిల్ కూడా వాలి ఉంటుంది, లెక్క తప్పుతుంది. నాలుగు వైపులా సమంగా ఎత్తాలి. అంటే నాలుగు స్టాండ్లు.

అంత లేకపోతే ఇంకో దారి. ఊళ్ళో వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో బండి మొత్తాన్ని సమంగా ఎత్తే లిఫ్ట్ ఉంటుంది. మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు వెళ్ళి, బండి కడిగించుకుని, ఇంకో గంట లిఫ్ట్ వాడుకుంటానని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. కడిగించడం కూడా పనిలో భాగమే, ప్లగ్‌ల చుట్టూ మట్టి పోతుంది.

కొన్ని గేర్‌బాక్సుల్లో ఈ అంచు లెక్క ఉండదు. పైనుంచి కొలిచి ఇన్ని లీటర్లు అని పోయాలి. మీది ఏదో మాన్యువల్‌లో చూసుకోండి.

నింపే రంధ్రం పక్కకి ఉంది. అడ్డంగా ఆయిల్ ఎలా పోయాలి?

ఈ పనిలో అసలు సమస్య ఇదే, టూల్ కిట్ అమ్మేవాళ్ళు చెప్పనిదీ ఇదే. రంధ్రం వేలు పట్టేంత, అది పక్కకి చూస్తుంటుంది. ఆయిల్ డబ్బా వంచే చోటు ఉండదు. మూడు దారులున్నాయి, మూడూ చేశాను.

మొదటిది పెద్ద సిరంజి. 200 మిల్లీలీటర్లదైనా రెండు లీటర్లు ఎక్కించడానికి పదిసార్లు పీల్చి పదిసార్లు నొక్కాలి. పడుకుని, చెయ్యి పైకెత్తి. ఆరోసారికి భుజం పోతుంది, ఎనిమిదోసారికి సిరంజి రబ్బరు ఉబ్బి ఇరుక్కుంటుంది. చివర్లో కొంచెం తగ్గితే నింపడానికి మాత్రం బాగుంటుంది.

రెండోది చేతి పంపు. ఆయిల్ డబ్బా మూతికి బిగించి, పైన నొక్కుతుంటే పైపులోంచి వస్తుంది. పని అవుతుంది. కొనేటప్పుడు పైపు కలిసే చోట క్లిప్పు ఉందో లేదో చూడండి. చిక్కటి ఆయిల్‌కి వెనక్కి తన్నే బలం ఎక్కువ. క్లిప్పు లేకపోతే పైపు ఊడి మొత్తం మీ చొక్కా మీదకి వస్తుంది, ఆ వాసన మూడు ఉతుకులకి కూడా పోదు.

మూడోది నాకు నచ్చింది. ఇళ్ళు కట్టేచోట మేస్త్రీలు నీళ్ళు నింపి మట్టం చూసే పారదర్శక లెవెల్ పైపు ఉంటుంది కదా, అది కొత్తది రెండు మీటర్లు, ఒక గరాటు. బానెట్ తెరిచి, పైపుని ఇంజిన్ పక్కనుంచి కిందకి దింపి, కొసని నింపే రంధ్రంలోకి నాలుగు వేళ్ళ లోతు దూర్చి, పైనుంచి గరాటులో పోయడమే. ఆయిల్ తన బరువుకి తనే దిగుతుంది. ఎంత దిగిందో పైపులో కనిపిస్తుంది. పైపు లోపలి వెడల్పు 12 ఎంఎం దాకా ఉంటే పావుగంటలో అయిపోతుంది, సన్నగా ఉంటే అరగంట. చలికాలం పొద్దున్నే పోస్తే ఇంకా మెల్లగా దిగుతుంది కాబట్టి డబ్బాని ముందు గంటసేపు ఎండలో పెట్టండి. విజయవాడలో మే నెలలో ఆ పని సూర్యుడే చూసుకుంటాడు. పైపు ఎక్కడా మడత పడకూడదు, రంధ్రంలోంచి జారకుండా గుడ్డతో కట్టాలి. మేస్త్రీ దగ్గర వాడిన పైపు అడగొద్దు, లోపల ఇసుక ఉంటుంది.

దింపిన ఆయిల్ కొలవాలా?

కొలవండి. చిన్న కార్లలో ఎక్కువ వాటికి రెండు లీటర్ల చుట్టుపక్కల పడుతుంది. మాన్యువల్‌లో 2 లీటర్లు అని ఉండి, మీకు లీటరున్నరే దిగితే ఎక్కడో కారుతోందని అర్థం. షాఫ్టులు బయటికొచ్చే చోట సీళ్ళు చూడండి. పాత ఐదు లీటర్ల ఆయిల్ డబ్బా పక్క కోస్తే మంచి ట్రే అవుతుంది. ధార మొదట్లో అనుకున్నదానికంటే దూరం కొడుతుంది, తగ్గేకొద్దీ దగ్గరికి వస్తుంది. ట్రే వెడల్పుగా ఉండాలి, కింద అట్టముక్క పరవాలి. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారికి నామీద ఉన్న ఏకైక ఫిర్యాదు ఆ మరకే.

దింపే ముందు పది పదిహేను నిమిషాలు బండి నడపండి. ఊరికే స్టార్ట్ చేసి ఉంచితే ఇంజిన్ వేడెక్కుతుంది కానీ గేర్‌బాక్స్ అంతగా వేడెక్కదు. వెచ్చటి ఆయిల్ అడుగున పేరుకున్న మడ్డిని కూడా తీసుకుని దిగుతుంది. చెయ్యి కాలేంత వేడి వద్దు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి.

దింపే ప్లగ్ కొసకి బూడిద రంగు బురద పట్టి ఉంది. గేర్లు అరిగిపోయినట్టేనా?

కంగారు అక్కర్లేదు. చాలా ప్లగ్‌ల కొసకి అయస్కాంతం ఉంటుంది, ఇనుప పొడిని అది పట్టుకుంటుంది. వేళ్ళ మధ్య నలిపితే కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే. గుడ్డతో తుడిచి బిగించండి. గోరంత రేకులు, గేరు పంటి ముక్కలు, సూదుల్లాంటివి వస్తే మాత్రం ఫోటో తీసి మంచి మెకానిక్‌కి చూపించండి. ఆయిల్‌లో పసుపు మెరుపు కనిపిస్తే అది సింక్రో రింగుల (గేరు పడేముందు వేగాలు కలిపే రింగుల) ఇత్తడి. కొంచెమైతే పర్వాలేదు, బంగారు రంగు పెయింట్ కలిపినట్టుంటే పర్వా ఉంది.

గేర్ ఆయిల్ డబ్బాల మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటాయి. పెద్ద నంబరే మంచిది కదా?

కాదు. ఇది నంబరు పెరిగేకొద్దీ మంచిదయ్యే లెక్క కాదు. జీఎల్-5లో ఒత్తిడిని తట్టుకునే గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు జీఎల్-4 కంటే దాదాపు రెండింతలు ఉంటాయి. వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌లో పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, అక్కడ అది అవసరం. గేర్‌బాక్స్‌లో ఇత్తడి సింక్రో రింగులుంటాయి. కొన్ని జీఎల్-5 ఆయిళ్ళు ఇత్తడిని తింటాయి. తినకపోయినా మరీ జారుడుగా ఉండి సింక్రో రింగు పట్టు దొరకదు, గేరు మారేటప్పుడు గరగర వస్తుంది. మాన్యువల్‌లో జీఎల్-4 అంటే జీఎల్-4నే. కొన్ని బండ్లకు కంపెనీ తన సొంత ఆయిలే చెబుతుంది, కొన్నిటికి ఆటోమేటిక్ ఆయిల్ కూడా చెబుతుంది. కొట్టువాడి మాట కంటే మాన్యువల్ మాట వినండి.

75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ కంటే బాగా చిక్కనా?

నంబరు చూస్తే అలాగే అనిపిస్తుంది. గేర్ ఆయిల్‌కి, ఇంజిన్ ఆయిల్‌కి కొలబద్దలు వేరు. గేర్ ఆయిల్ 90 అంటే వేడి మీద ఇంచుమించు ఇంజిన్ ఆయిల్ 40, 50ల చిక్కదనమే.

కొత్తది పోసేముందు కిరోసిన్‌తో కడగాలంటున్నారు?

వద్దు. కడిగిన కిరోసిన్ మొత్తం బయటికి రాదు, మూలల్లో మిగిలింది కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. పాత ఆయిల్ మరీ పాడైపోయి ఉంటే మళ్ళీ ఐదారు వేల కిలోమీటర్లకే ఇంకోసారి మార్చండి. అదే అసలైన కడుగుడు.

మాది బొలెరో. ఇదంతా వర్తిస్తుందా?

పనిముట్ల సంగతి చాలావరకు వర్తిస్తుంది. కానీ వెనక చక్రాలు తిప్పే బండ్లలో గేర్‌బాక్స్ వేరు, వెనక ఇరుసులో డిఫరెన్షియల్ వేరు. రెండిటికీ విడివిడి ప్లగ్‌లు, విడివిడి ఆయిళ్ళు. ఒకదాని డబ్బా ఇంకోదానికి పోయకుండా మూతల మీద మార్కర్‌తో రాసుకోండి. ముందు చక్రాల బండ్లలో రెండూ ఒకే పెట్టెలో ఉండి ఒకే ఆయిల్ తాగుతాయి. ఎత్తున్న బండి కాబట్టి మీకు నడుము నొప్పి తక్కువ, అదొక లాభం.

ట్రాక్టర్ గురించి కూడా అడుగుతుంటారు. దాంట్లో అదే ఆయిల్ హైడ్రాలిక్‌కి, చాలా మోడళ్ళలో నూనెలో తిరిగే బ్రేకులకి కూడా పనిచేస్తుంది. కారు గేర్ ఆయిల్ అందులో పోయొద్దు.

ఏఎంటీ (క్లచ్ తొక్కకుండా గేర్లు తనే మార్చుకునే) బండికి ఇంట్లో ఆయిల్ మార్చొచ్చా?

లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, దానికి గేర్ ఆయిల్ ఉంటుంది. కొన్నిటిలో గేరు మార్చే యంత్రానికి వేరే హైడ్రాలిక్ ఆయిల్ కూడా ఉంటుంది, దాని జోలికి వెళ్ళొద్దు. మాన్యువల్ గేర్‌బాక్స్ మీద చెయ్యి కుదిరాక ఆలోచించండి.

బండి వరద నీళ్ళలో ఉంది. గేర్ ఆయిల్ కూడా మార్చాలా?

మార్చాలి, ఇంజిన్ ఆయిల్‌తో పాటే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. గేర్‌బాక్స్‌కి ఊపిరి తీసుకునే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ నీళ్ళలో ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని ఆ గొట్టంలోంచి నీళ్ళు పీలుస్తుంది. ప్లగ్ విప్పితే ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో వస్తుంది. అలా వస్తే ఒక్కసారి మార్చి వదిలేయొద్దు. చవకైనదే కానీ సరైన గ్రేడు ఆయిల్ పోసి కొంచెం దూరం నడిపి దింపండి, రంగు మామూలుగా వచ్చేదాకా మళ్ళీ చేయండి. దీనికి కొత్త పనిముట్లేమీ అక్కర్లేదు, వాషర్లు మాత్రం ఎక్కువ తెచ్చిపెట్టుకోండి.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

విజయవాడవాళ్ళకి ఆటోనగర్ ఉంది, ఇంకేం కావాలి. సికింద్రాబాద్‌లో రాణీగంజ్. విశాఖ, గుంటూరు ఆటోనగర్‌లలో కూడా విడి సాకెట్లు, విడి బిట్లు దొరుకుతాయి. స్పానర్లకు టాపారియా లాంటి మన దేశపు తయారీ చాలు. సాకెట్‌ని చేత్తో పట్టుకుని లోపలి మూలలు చూడండి. అంచులు పదునుగా, గోడ మందంగా ఉండాలి. మీ బండి ప్లగ్ పాతదో కొత్తదో ఒకటి జేబులో వేసుకెళ్ళి అక్కడే పెట్టి చూస్తే ఇంకా మంచిది. కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్లో కొత్త ప్లగ్, రెండు వాషర్లు ముందే కొనుక్కుంటే దానికీ అక్కరకొస్తుంది, పాత ప్లగ్ తల పోతే దానికీ అక్కరకొస్తుంది.

గేరు పడటం కష్టంగా ఉంది. ఆయిల్ మారిస్తే పోతుందా?

ఒక్కోసారి. ఇంజిన్ ఆపి ఉంచి గేర్లు మార్చి చూడండి. ఆపి ఉన్నప్పుడు తేలిగ్గా పడి, నడుస్తున్నప్పుడు కష్టమైతే అనుమానం క్లచ్ మీద. కేబుల్ క్లచ్ అయితే కేబుల్, హైడ్రాలిక్ అయితే దాని ఫ్లూయిడ్ చూడండి. అది బ్రేక్ ఫ్లూయిడే, గేర్ ఆయిల్‌కి దానికి సంబంధం లేదు. పొద్దున మొదటి కిలోమీటరులోనే కష్టంగా ఉండి తర్వాత సర్దుకుంటే ఆయిల్ మార్చడం దండగ కాదు.

పాత ఆయిల్ ఏం చేయాలి?

మురుగు కాలవలో పోయొద్దు, కర్రలకి చెదలు పట్టకుండా పూయడానికని పక్కింటివాళ్ళు అడిగినా ఇవ్వొద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. కొత్త ఆయిల్ పోశాక ఖాళీ అయిన డబ్బాలోనే పోసి మూత పెట్టి, పాత ఆయిల్ పోగుచేసి అధీకృత రీసైక్లింగ్‌కి ఇచ్చే పెద్ద షెడ్డులో ఇవ్వండి. నేను రెండు మూడు మార్పులవి కలిపి ఒకేసారి తీసుకెళ్తాను.

మూడు లీటర్లు కొన్నాను, రెండున్నరే పట్టింది. మిగిలింది?

మూత గట్టిగా బిగించి, డబ్బా మీద తేదీ, బండి పేరు, గ్రేడు రాసి నీడలో పెట్టండి. రెండు వారాలయ్యాక మళ్ళీ బండి కిందకి ఓసారి తొంగిచూడండి. ప్లగ్‌ల చుట్టూ తడి కనిపిస్తే తుడిచి, టార్క్ సరిచూసి, లెవెల్ తగ్గితే ఆ అర లీటరులోంచే పోస్తారు. అందాకా సిరంజి పారేయకండి.